బొమ్మలో ఏటున్నాది?

ఫొటో రావలసిన చోట ఏదో ఇంగ్లీషు పేరు మాత్రమే వచ్చింది.

నాగసుధ స్క్రీన్ వంక చూసి నిట్టూర్చింది.

ఆమె సముద్రపు ఒడ్డునున్న డొంకూరు బడిలో టీచరు. కొన్నేళ్ళ కిందటి తుఫాను గురించి ఊళ్ళోవాళ్ళు చెప్పిన సంగతులన్నీ కంప్యూటర్లో ఉత్త అక్షరాలుగా రాసుకుంది. ఫొటో కావలసిన చోట ఆ ఫైలు పేరు రాస్తే చాలు, ఒక ప్రోగ్రాము మొత్తాన్నీ వెబ్ పేజీగా మార్చేస్తుంది.

తుఫాను నాడు సాయంత్రానికే లోకం చీకటైపోయింది. కరెంటు లేదు. వేటకెళ్ళిన పడవలకు ఒడ్డు ఎటో తెలియలేదు.

అప్పుడు ఊరికి దూరంగా, ఇసుక దిబ్బల మీద, పెద్ద మంట లేచింది. దాన్ని చూసుకుంటూ పడవలన్నీ ఒడ్డు చేరాయి.

మర్నాటికి ఆ దిబ్బల్నే సముద్రం తినేసింది. మంట వేసిందెవరో ఎవరికీ తెలియలేదు. గంగమ్మ తల్లే వేసిందని ఊరంతా నమ్మింది. నాగసుధ అలాగే రాసింది.

పేజీ పెట్టిన కొద్ది రోజులకే, దాని కింద ఇచ్చిన తన నంబరుకు ఫోన్ వచ్చింది.

"టీచరమ్మా, నాను కవిటి నుంచి, సింహాద్రిని. మీరు రాసింది ఇంటన్నాను. బొమ్మ కాడికొచ్చీసరికి నా ఫోను ఏవో ఇంగ్లీసు అచ్చరాలు సదువుతాది. బొమ్మ రాదేటి?"

"ఆ ఫొటోలు స్టూడియోవాళ్ళు టిఫ్ అనే రకం ఫైళ్ళుగా ఇచ్చారండీ. అవి వెబ్ పేజీలో కనపడవు. జేపెగ్‌లోకి మార్చి పెడతాను."

మార్చింది. పేజీలో ఫొటోలు వచ్చాయి. ఊళ్ళోవాళ్ళు ఒకరి చేతిలోంచి ఒకరు ఫోన్లు లాక్కుని మరీ చూశారు.

సింహాద్రి మళ్ళీ ఫోన్ చేశాడు.

"ఇప్పుడు ఆ అచ్చరాలు కూడా సదవట్లేదమ్మా. బొమ్మ అనీసి ఊరుకుంటంది."

"అందరికీ కనపడుతున్నాయే! మీ ఫోను పాతదేమో?"

"ఫోను మంచిదే. కళ్ళే లేవు."

నాగసుధకు అప్పుడు అర్థమైంది.

ఫోను పేజీని పైకి చదువుతుంటే అతను వింటున్నాడన్నమాట. మరి ఫొటో దగ్గర చదవడానికి అక్కడ మాటలేవి?

వెతికితే దారి దొరికింది. తన ఫైల్లో ఫొటో పేరు పక్కనే ఒక వాక్యం రాస్తే, అది పేజీలో కనపడకుండా ఉండి, పైకి చదివే ఫోన్లకు మాత్రం అందుతుంది. 'తుఫాను మర్నాడు డొంకూరు ఒడ్డు' అని రాసి, పేజీ మళ్ళీ తయారుచేసి, తనే ఫోన్ చేసింది.

"ఇన్నాను తల్లీ. అది బొమ్మ పేరు. బొమ్మలో ఏటున్నాది?"

"పడవలున్నాయి. మనుషులున్నారు."

"మనుసులు నవ్వుతన్నారా, ఏడుత్తన్నారా?"

నాగసుధ పేజీలోకి చూసింది. ఫోన్లలో త్వరగా తెరుచుకోవాలని ఫొటోల్ని బాగా కుదించేసింది. మొహాలన్నీ మచ్చల్లా ఉన్నాయి.

అసలు టిఫ్ ఫైలు తెరిచింది. పెద్దది చేసింది. అలాగే చూస్తూ ఉండిపోయింది.

"ఒకావిడ మొగుడి చొక్కా పట్టుకుని గుంజేస్తోంది. కొడుతోందో, దగ్గరికి తీసుకుంటోందో తెలీడం లేదు. ఇద్దరూ ఏడుస్తున్నారు. వెనక ఒక ముసలాయన పడవకి తల ఆనించి నిలబడ్డాడు. ఒక పిల్ల తండ్రి భుజాలెక్కి నవ్వుతోంది. ముందు పళ్ళు లేవు."



"ఇంకోపాలి సెప్పు తల్లీ."

చెప్పింది.

ఆ తర్వాత ప్రతి ఫొటోకీ అదే పని. మొహాలు తెలిసేలా మళ్ళీ జేపెగ్ చేయడం, చూసింది చూసినట్టు మాటల్లో పెట్టడం, సింహాద్రికి ఫోన్ చేయడం. తను దాచి ఉంచిన ఫైళ్ళలో ఇంతమంది ఊపిరి పీల్చుకుంటూ నిలబడి ఉన్నారని ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు. చూపు లేని మనిషి తనకు చూడడం నేర్పుతున్నాడనిపించింది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగింది.

"అందరూ ఆ మంట గురించే అడుగుతారు. మీరు ఒక్కసారీ అడగలేదేం?"

"అమ్మోరు ఏసిందని రాసినావు గదా. దణ్ణం ఎట్టుకుంటన్నారు, ఎట్టుకోనీ." నవ్వాడు. "ఆ పళ్ళు లేని పిల్ల ఇప్పుడు ఏటి సేత్తంది?"

"పదో తరగతి. నా క్లాసే."

"అమ్మయ్య," అన్నాడు.

ఆఖరి ఫొటోకి మాటలు రాసి ఫోన్ చేస్తే సింహాద్రి ఎత్తలేదు. మరునాడూ ఎత్తలేదు. రెండు వారాలైనా అంతే.

ఆదివారం ఆమె ఆటో ఎక్కి కవిటి వెళ్ళింది. అడుగుతూ అడుగుతూ కొబ్బరి తోటల మధ్య ఇల్లు పట్టుకుంది. గుమ్మంలో అతని భార్య కాసులమ్మ కూర్చుని ఉంది.

"మాయన పోనాడు టీచరమ్మా. పెద్దకర్మ కూడా అయిపోనాది. కిడ్నీలు పాడైపోనాయి."

నాగసుధ గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుంది.

"డయాలిసిస్ మంచం మీద కూడా ఫోను సెవికాడ ఎట్టుకుని నువ్వు రాసిన బొమ్మలే ఇనీవోడు. 'అందరూ ఒడ్డుకి ఒచ్చీసినారే' అనీవోడు నాతోటి. అంతకు ముందు ఎవులెన్ని సెప్పినా నమ్మీవోడు కాదు."

నాగసుధ తలెత్తి ఆమె మొహంలోకి చూసింది.

"అమ్మా, ఆయనకి కళ్ళెలా పోయాయి?"

కాసులమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"డొంకూరు అవతల దిబ్బల మీద మా కొబ్బరి పీచు పాక ఉండీది తల్లీ; తుపాను నాడు సముద్రంలోంచి కేకలు ఇనపడితే, ఆ పాకకి తనే నిప్పెట్టీసి, నిప్పురవ్వలు కళ్ళల్లో పడతన్నా ఆకరి పడవ ఒడ్డెక్కీదాకా ఆ మంటలోకి పీచు ఎగేత్తానే ఉండిపోనాడు."