మూతెడు నీళ్ళు

“ఒక్క మిషనే నడుస్తది మేడం. బంద్‌కు బంకులన్నీ మూసిండ్రు. జనరేటర్‌ల ఉన్న డీజిల్ ఒక్కరికే సరిపోతది. ఆ వంతు ఇంకొకరిది.”

నర్సు రజిత మాట పూర్తి కాకముందే వాసంతి గొంతు పెరిగింది.

“మా అమ్మకి కిడ్నీలు పోయాయని నిన్ననే తెలిసిందండీ! పెద్దాసుపత్రిలో మెడ దగ్గర గొట్టం వేసి, అక్కడ మిషన్ ఖాళీ లేదని ఇక్కడికి పంపారు. ఎలా ఎగశ్వాస పెడుతోందో చూడండి!”

స్ట్రెచర్ మీద బాలాత్రిపురసుందరి కళ్ళు తెరవలేదు. “డాక్టర్ సారుతోని మాట్లాడి వస్త,” అని రజిత లోపలికి వెళ్ళింది.

మదీనాగూడ హైవే పక్కనున్న ఆ చిన్న డయాలసిస్ సెంటర్‌లో కరెంటు పోయి చాలాసేపైంది. వాసంతి చున్నీతో తల్లికి విసురుతూ గొణిగింది.

“మా ఆఫీసులో ఏసీ కాసేపు ఆగితేనే మెయిళ్ళ మీద మెయిళ్ళు పెడతాం. ఇక్కడ ప్రాణం పోతున్నా అడిగే దిక్కు లేదు. అంతా మీవాళ్ళ బంద్ పుణ్యమే!”

ఆ చివరి మాట బెంచీ మీద కూర్చున్న పెద్దాయన్ని ఉద్దేశించి అన్నది. ఆయన నొచ్చుకోలేదు.

“అంబులెన్సుకు తొవ్వ ఇచ్చింది గూడ మావోళ్ళే గద బిడ్డ?”

నిజమే. చౌరస్తాలో టెంటు వేసుకుని తెలంగాణ పాటలు పాడుతున్నవాళ్ళే “జర జరగుండ్రి, పేషెంటున్నది” అంటూ అడ్డం పెట్టిన బండరాళ్ళు పక్కకు దొర్లించారు. వాసంతికి కాస్త సిగ్గేసింది.

“మీ పేరేంటండీ?”

“సామేలు. హఫీజ్‌పేట నుంచొచ్చిన.”

“రైళ్ళు కూడా లేవు కదా?”

“కాళ్ళున్నయి గద.”

అంత ఉక్కలోనూ ఆయన పొడుగు చేతుల చొక్కా గుండీలు మణికట్టు దాకా పెట్టుకున్నాడు. ఒళ్ళో గుడ్డసంచి, అందులోంచి తొంగిచూస్తున్న నల్లట్ట బైబిలు. ఎడమచేతిని చంటిపాపలా గుండెకు ఆనించుకున్నాడు.

“లోపల మీవాళ్ళెవరైనా ఉన్నారా?”

“అందరూ మనోళ్ళే. ఎప్పుడూ వస్తనే ఉంట. మొన్నటి బంద్‌కు గూడ వచ్చి ఉత్తగనే మర్లిపోయిన.”

రోగుల కోసం ప్రార్థన చేసే మనిషని వాసంతికి అర్థమైంది. “అయ్యో, ప్రార్థన చెయ్యనివ్వలేదా?”

“దాన్ని ఎవరాపుతరు బిడ్డ?” సామేలు నవ్వాడు.

అమ్మకోసమని తెచ్చిన సంచిలోంచి అరటిపండు తీసి ఇచ్చింది. వద్దన్నాడు. కొబ్బరిబొండాం చూపించింది. దానికీ చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఉపవాసమా అండీ?”

“శ్రమకాలం నడుస్తున్నది గద. ఈస్టర్ దాంక జర నోరు కట్టుకోవాలె.”

“మంచినీళ్ళైనా తాగండి, పెదాలు ఎండిపోయాయి.”

బాటిల్ అందుకుని, మూతలోకి నీళ్ళు ఒంపుకున్నాడు. ఆ కాసిని నీళ్ళతో నాలుక తడుపుకుని, కళ్ళు మూసుకుని, అమృతం తాగినవాడిలా తల ఊపాడు.

“ఇది చాలు బిడ్డ. దేవుడు ఇయాల్టికి ఇచ్చిండు. ఇంతకంటె ఏం కావాలె?”

వాసంతికి ఒళ్ళు మండింది. “ఒంట్లో బాగున్నవాళ్ళు ఎన్నయినా చెబుతారండీ. అమ్మ ఇలా ఉంటే నన్నూ ‘చాలు’ అనుకోమంటారా?”

“అనుకోవద్దు,” అన్నాడాయన వెంటనే. “అమ్మకోసం అడగాలె. గట్టిగ అడగాలె. చాలు అనుడు ఎవరికి వాళ్ళు చెప్పుకునే మాట. పక్కోళ్ళకు చెప్పేది గాదు.”

అంతలో బాలాత్రిపురసుందరి “వాసూ...” అని మూలిగింది. పెదాలు నీలంగా మారుతున్నాయి. వాసంతి ఏడుపు ఆపుకోలేకపోయింది. సామేలు ఆ తల్లీకూతుళ్ళను కాసేపు చూశాడు. గోడ పట్టుకుని లేచి, ఆయాసపడుతూ లోపలికి వెళ్ళాడు.

తిరిగొచ్చేటప్పుడు కుడిచేత్తో ఒక ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకొచ్చాడు.

“అమ్మ పక్కనే కూసో బిడ్డ. ఎంతసేపని నిలబడతవు?”

కుర్చీకోసమా ఇంత కష్టపడ్డాడు! వాసంతి కళ్ళు తుడుచుకుంది. వెనకే రజిత వచ్చింది.

“ఒకాయన ఇయాల వద్దన్నడు మేడం. అమ్మను లోపలికి తీస్కపోతున్నం.”

“బంద్‌కి జడిసి రాలేదేమో! ఎవరో గానీ మా పాలిట దేవుడు,” అంది వాసంతి. రజిత సామేలు వైపు ఒకసారి చూసి స్ట్రెచర్ తోసింది.

స్ట్రెచర్ లోపలికి వెళ్ళాక సామేలు సంచి భుజాన వేసుకున్నాడు. “ఇగ పోయొస్త. అమ్మ పైలం.” చెప్పుల పట్టీలు ఉబ్బిన పాదాల్లోకి దిగబడి ఉన్నాయి. ‘ఎంత దూరం నడిచాడో, పాపం’ అనుకుంది వాసంతి.

పొద్దు వాలేసరికి తల్లి ముఖంలోకి రంగొచ్చింది. కళ్ళు తెరిచి, దాహమంది. వాసంతి సంబరంగా కొబ్బరిబొండాం అందుకుంది.

“అయ్యో, అది ముట్టొద్దు మేడం!” రజిత ఒక్క అంగలో వచ్చి లాక్కుంది. “డయాలసిస్ మనుషులకు కొబ్బరినీళ్ళు, అరటిపండ్లు విషమే. గుండె ఆగిపోతది. నీళ్ళు గూడ కొలిచే ఇయ్యాలె. మరీ దూపైతే మూతెడు పోసి నాలుక తడపాలె. కాళ్ళు ఉబ్బినా, ఆయాసమొచ్చినా ఆగకుండ రావాలె. ముందుముందు మిషన్ సూదులకోసం చేతికి ఆపరేషన్ చేసినంక ఆ చేత్తోని బరువు మోయనియ్యొద్దు.”

వాసంతి మెల్లగా తల తిప్పి తలుపులోంచి బయటి బెంచీ వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. మూతెడు మాత్రమే తగ్గిన నీళ్ళ బాటిల్ ఉంది.

“సిస్టర్... ఆ పెద్దాయన...”

రజిత కొబ్బరిబొండాం పక్కన పెట్టింది.

“ఆ వంతు ఆయనదే మేడం.”