వాడి పేరు

"మళ్ళీ నో సిగ్నల్ అంటందిరా! పొద్దుట్నించీ ఇదే వరస. అసలు నీకు వచ్చా ఈ పని?" బసవయ్య అరిచాడు.

"వచ్చు బావా. కేబులు వదులుగా ఉన్నట్టుంది, ఉండు," అంటూ రాంబాబు టీవీ వెనక్కి తల దూర్చాడు.

రాంబాబు బసవయ్యకు బావమరిది. జగ్గయ్యపేటలో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. ల్యాప్‌టాప్‌ని టీవీకి తగిలించడం అతనికి కళ్ళు మూసుకుని చేసే పని. ఇవాళ మాత్రం కుదరడం లేదు. తగిలిస్తున్నది మేనకోడలు చనిపోయిన వీడియో మరి.

పద్నాలుగు రోజుల కిందట సుస్మిత నందిగామ కాలేజీ నుంచి స్కూటీ మీద వస్తోంది. అప్పుడే చీకటి పడుతోంది. వీరులపాడు రోడ్డు మీద లైట్లు లేకుండా ఆగి ఉన్న కర్రల లోడు ట్రాక్టరు ట్రాలీ ఆ పిల్లకు కనపడలేదు. జనం చేరేలోపే ట్రాలీ మాయమైంది. ఎదురుగా ఉన్న పెట్రోలు బంకు కెమెరాలో అంతా పడిందని తెలిసి, రాంబాబు మేనేజరు కాళ్ళావేళ్ళా పడి ఆ వీడియోని ఇవాళే తెచ్చాడు.

"ల్యాప్‌టాప్‌లో చూస్తే చాలదంట్రా?" పుష్పవతి వంటింటి గుమ్మంలోనుంచే తమ్ముణ్ణి అడిగింది.

"చూసానక్కా. చిన్న తెర మీద అంతా అలుక్కుపోయింది. ట్రాలీకి నంబరు లేదు. వెనక తలుపు మీద ఏదో పేరు రాసున్నట్టుంది. టీవీలో అయితే పెద్దగా, క్లియర్‌గా కనపడద్ది."

"అది చాలురా నాకు. వాడి పేరు తెలిస్తే చాలు," అన్నాడు బసవయ్య.

"తెలిసి ఏం చేస్తావు బావా?"

"కొట్టను, తిట్టను. ఒక్క మాట అడుగుతా. ట్రాలీ వెనక ఇంత ఎర్ర స్టిక్కరు అంటించడానికి నీకు చేతులెందుకు రాలేదురా అని అడుగుతా. అది మెరిస్తే నా తల్లి బ్రేకు వేసుకునేది కదరా!"

బసవయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"కాగితం మిల్లుకు సుబాబుల్ కర్ర తోలే బళ్ళోళ్ళందర్నీ అడిగా. కంచికచర్ల నుంచి నందిగామ దాకా ఒక్కణ్ణీ వదల్లా. మన ట్రాలీ బాడుగకు తోలుకుంటున్న చంద్రమౌళినీ అడిగా. ఎవడూ చూళ్ళేదంటాడు. చంద్రమౌళి అయితే నాకన్నా ఎక్కువ ఏడ్చాడు పాపం."

"అక్కా, రిమోట్‌లో సోర్స్ అని ఉంటది, నొక్కు."

పుష్పవతి నొక్కింది. రిమోట్ పలకలేదు.

"సెల్లులు అయిపోయినైరా. రెండు నెలల్నించి చెప్తన్నా. రేపు తెస్తాలే అంటారు మీ బావ. ఈయనకు ప్రతిదీ రేపే."

ఎప్పుడూ అయితే బసవయ్య ఒక మాటకు నాలుగు మాటలు అనేవాడు. ఇవాళ సెల్లులు బయటికి తీసి, పంచెకు రుద్ది, అటుదిటూ ఇటుదటూ మార్చి వేశాడు. ఈసారి పనిచేసింది.

టీవీ మీద బొమ్మ వచ్చింది. అంచులు తెగిపోయి, నీళ్ళలో చూసినట్టు మసగ్గా ఉంది. రాంబాబు ల్యాప్‌టాప్‌లో ఏవో అంకెలు మార్చాడు. బంకు, రోడ్డు, దీపాలు ఒక్కసారిగా తేటపడ్డాయి.

"ముందు భాగం వద్దు బావా. పాప పడిపోయిన తర్వాత నుంచి పెడతా," అన్నాడు.

పుష్పవతి గోడ వైపు తిరిగి నిలబడింది. తన బిడ్డ రోడ్డు మీద పడి ఉండటం ఏ తల్లి మాత్రం చూడగలదు.

కర్రల లోడుతో ట్రాలీ కదిలింది. మెల్లగా బంకు లైట్ల కిందికి వచ్చింది. రాంబాబు అక్కడ ఆపి, వెనక తలుపును పెద్దది చేశాడు. చేసినవాడు అలాగే నోరు తెరుచుకుని ఉండిపోయాడు. మరుక్షణం కేబులు పీకేశాడు.

"ఏంట్రా, ఏమైంది?" అప్పుడే కళ్ళజోడు పెట్టుకుంటున్న బసవయ్య కంగారుపడ్డాడు.

"ఏం లేదు బావా. క్లియర్‌గా లేదు. ఏమీ కనపళ్ళా."

"అబద్ధం. పెట్టు."

"వద్దు బావా, నీ కాళ్ళు పట్టుకుంటా. ఇక్కడితో వదిలెయ్. మనకొద్దు ఆ పేరు."

పుష్పవతి గిరుక్కున ఇటు తిరిగింది. "వాడెవడో నీకు తెలుసు కదూ? నీ దోస్తు ఎవడైనానా? మేనకోడలికన్నా ఎక్కువయ్యాడంట్రా నీకు?"

రాంబాబు నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"నువ్వు పెట్టకపోతే నేను పెట్టలేనంట్రా! పొద్దుట్నించీ చూస్తన్నాగా," అని బసవయ్య వంగి కేబులు అందుకున్నాడు. టీవీ వెనక తడుముకుంటూ, ఒకటికి రెండుసార్లు తప్పినా, చివరికి గుచ్చేశాడు. కళ్ళజోడు సర్దుకుని వెనక్కి జరిగి నిలబడ్డాడు.

ఈసారి బొమ్మ తెర నిండా, పట్టపగలులా వచ్చింది. ట్రాలీ వెనక తలుపు మీద ఎక్కడా ఎర్ర స్టిక్కరు లేదు. రెండు ఆకుపచ్చ చిలకలు ఉన్నాయి. ఆ చిలకల మధ్య పసుపు రంగులో, కూతురి మొదటి పుట్టినరోజున బసవయ్య దగ్గరుండి రాయించిన పేరు ఉంది: సుస్మిత.