అండీ

“నమస్కారమండీ సీతారత్నంగారూ, బాగున్నారా అండీ?”

నాలుగంతస్తులు ఎక్కేసరికి మల్లేశానికి మోకాళ్ళు లాగేస్తున్నాయి. ఆంధ్రా నుంచి వచ్చినవాళ్ళ ఇళ్ళల్లో ‘అండీ’ మరిచిపోవద్దని పొద్దున పార్టీ ఆఫీసులో గట్టిగా చెప్పారు.

ఎప్పుడో రేపల్లె నుంచి వచ్చి కొత్తపేటలో స్థిరపడ్డ సీతారత్నం తలుపు పూర్తిగా తీసింది. “జర కూసో మల్లేశం. గీ ఎండల ఏం తిరుగుతవ్?” అంటూ చెంబుతో నీళ్ళిచ్చింది.

“ఎన్నికలు కదండీ. ఈసారి ప్రాంతాల గొడవ లేదండీ. దేశమే ముఖ్యమండీ. మనమంతా ఒక్కటేనండీ.”

“ఉద్యమం అప్పుడు నా కర్రీ పాయింట్ బోర్డు మీద ‘ఆంధ్రా’ అన్న మాట దగ్గరుండి చెరిపించినవ్. యాదికున్నదా?”

మల్లేశం మెడలోని కొత్త కండువాతో మొహం తుడుచుకున్నాడు. “అప్పటి పార్టీ వేరండీ.”

“కోపంతోని అంటలేను. ఆ దినం తిట్టినా నీ సొంత యాసల తిట్టినవ్. తెల్లారి పప్పుచారుకు మళ్ళ నా కాడికే వచ్చినవ్. ఇయ్యాల మనమంతా ఒక్కటే అనుకుంట, పరాయిదానితోని మాట్లాడినట్టు మాట్లాడుతున్నవ్.”

మల్లేశం చెంబు కింద పెట్టి లేచాడు. “వస్తానండీ” అనేసి నాలుక కరుచుకున్నాడు.

ఎదురిల్లు లచ్చమ్మది. ఆమెదీ అతనిదీ నల్లగొండ దగ్గర ఒకే ఊరు. బెల్లు నొక్కాడు.

“ఎవలు?” అంది లోపలినుంచి లచ్చమ్మ.

ఏ తెలుగులో జవాబు చెప్పాలో మల్లేశానికి వెంటనే తోచలేదు.