వందకు ముప్పై ఒకటి

"ఒక్క నిమిషం ఆగండి సార్. ఈ పిల్ల వాక్యం పూర్తి కానివ్వండి."

తనిఖీ అధికారి గుమ్మంలోనే ఆగిపోయాడు.

పదిహేనేళ్ల ఉద్యోగంలో ఆయన్ని చూసి కుర్చీలోంచి లేవని హెడ్మాస్టరు లేడు. ఈవిడకి లేవడానికి కుర్చీయే లేదు. మూడో తరగతి గదిలో నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చుంది. ఎదురుగా ఓ పిల్ల వేలితో అక్షరాలు తడుముకుంటూ చదువుతోంది.

ఆ ఒక్క వాక్యానికీ నాలుగు నిమిషాలు పట్టింది.

పిల్ల తలెత్తి నవ్వాక గానీ హెడ్మిస్ట్రెస్ లేవలేదు.

ఆఫీసు గదిలో అధికారి ఫారం తెరిచాడు. ప్రధానోపాధ్యాయుల పనితీరుకి మార్కులు వేసే ఫారం. ఎనిమిది పేజీలు, వంద మార్కులు. నలభై రాకపోతే బడి నుంచి తప్పిస్తారు.

"మూడేళ్లుగా మీ బడిదే ఆఖరి స్థానం అమ్మా."

"అవునండీ."

"అవతలి వీధి బడికి పరీక్షల్లో తొంభై నాలుగు శాతం పాసు. మీకు నలభై ఒకటి. టీచర్లు సరిగ్గా రారా?"

"బెల్లు కంటే ముందే వస్తారండీ."

"పోనీ, మీరు పాఠాలు చెప్పరా?"

"ఇప్పుడే చూశారుగా సార్!"

చూశాడు. ఆయనకి అంతుపట్టనిదీ అదే.

అయిదు గదులూ తిరిగాడు. ఎక్కడా బెత్తం కనబడలేదు. ఎవరిని లేపినా తడబడుతూనే అయినా చదివారు. ఇంటిగంట కొట్టినా కథ వింటున్న పిల్లలు కదల్లేదు. ఇలాంటి బడి అట్టడుగున ఎందుకుంది?

అడ్మిషన్ల రిజిస్టరు తిరగేస్తే ఇంకో వింత.

"పరీక్షలు రెండు నెలలున్నాయనగా ఇంతమంది కొత్తగా చేరారేమిటి?"

"వచ్చారండీ. చేర్చుకున్నాం."

"ఎక్కడి నుంచి?"

"అందరూ ఈ చుట్టుపక్కల పిల్లలేనండీ."

ఆవిడ అంతకంటే చెప్పలేదు. ఫారంలో 'వెనుకబాటుకు కారణాలు' అన్న గడి కూడా ఖాళీగానే వదిలేసింది.

"ఏదో ఒకటి రాయండమ్మా. గడి నిండితే పది మార్కులు కలుస్తాయి."

"కారణం రాయాలంటే ఎవరో ఒకరి మీదికి తొయ్యాలి కదండీ."

పెన్ను ఇవ్వబోయిన చెయ్యి అలాగే ఆగింది. ఇదెక్కడి మనిషిరా అనుకున్నాడు అధికారి.

బయల్దేరుతుంటే ఆవిడ గేటు దాకా వచ్చింది.

"నన్ను మార్చాల్సే వస్తే వచ్చే ఏడాది మార్చండి సార్. ఈ పిల్లలకి ఇప్పుడిప్పుడే గుణింతాలు పట్టుబడుతున్నాయి."

"నా చేతిలో ఏముందమ్మా? ఫారం ఎంత చెబితే అంత."

ఫారం ముప్పై ఒకటి చెప్పింది.

ఆవిడని పుస్తకాల గోడౌనుకి మార్చారు. నోరు లేని కట్టల మధ్య రెండు నెలలుండి, రాజీనామా ఇచ్చేసి ఊరు విడిచి వెళ్లిపోయింది. ఎక్కడికో ఎవరూ అడగలేదు.

ఉత్తమ ప్రధానోపాధ్యాయుడి జ్ఞాపిక అవతలి వీధి హెడ్మాస్టరుకి వచ్చింది. అధికారే తన చేతులతో అందించాడు.

మరుసటి ఏడు ఫలితాలొచ్చాయి.

అధికారి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. అవతలి వీధి బడి తొంభై నాలుగు నుంచి యాభై రెండుకి దిగిపోయింది. దాని చుట్టూ ఉన్న మరో మూడు బళ్లదీ అదే వరస.

ఆ మధ్యాహ్నమే జ్ఞాపిక అందుకున్న హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లాడు.

"ఏం జరిగిందండీ? మీరూ మారలేదు, మీ టీచర్లూ మారలేదు."

హెడ్మాస్టరు లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"ఆవిడ లేదు కదండీ."

"ఆవిడకీ మీ బడికీ ఏమిటి సంబంధం?"

ఆయన గొంతు తగ్గించాడు.

"చదవడం రాని పిల్లలందర్నీ పరీక్షల ముందు మా నాలుగు బళ్ల వాళ్లమూ ఆవిడ దగ్గర చేర్పించేసేవాళ్లం సార్, ఆవిడ నేర్పాక మళ్లీ మేమే తెచ్చేసుకునేవాళ్లం."