తెల్ల చుక్క

బోల్టు బిగించాకే దాని మీద తెల్ల రంగు చుక్క పెట్టడం ముసలి మెకానిక్ పద్ధతి. ముప్పై ఏళ్లలో ఆ పద్ధతి ఒక్కసారే తప్పాడు, ఆ సాయంత్రమే. లెక్చరరు గారి తాతల నాటి కారుకు బరువు మోసే ఇనప కమాన్లు ఊడదీసి, వాటి చోట పంపుతో గాలి నిండే రబ్బరు బుడగలు పెట్టాడు. నడుం పట్టేయడంతో, వెనక బోల్టులు పొద్దున చూద్దాంలే అని వేళ్లతో తిప్పి వదిలేసి, చుక్కలు మాత్రం పెట్టేశాడు.

"బాబాయ్, అన్నీ బిగించావుగా? పొద్దున్నే పాపతో కలిపి నలుగురం కొండదారి ఎక్కాలి," అని లెక్చరరు ఫోన్ చేశాడు.

"చుక్కలు కూడా పెట్టేశాను బాబూ, నిశ్చింతగా పడుకో."

తనకే నిద్ర పట్టలేదు. అర్ధరాత్రి షెడ్డుకొచ్చి, లోపల గడియ పెట్టుకుని, పానా పట్టుకుని కారు కింది గుంటలోకి దిగాడు.

మొదటి బోల్టుకు పానా తగిలించాడో లేదో, గాలి పంపు గుర్రుమంది. కారులో బరువు పెరిగితే తప్ప అది తిరగదు. చూస్తుండగానే కారు డ్రైవరు వైపు రెండు వేళ్ల మందం కుంగి, మళ్లీ లేచింది. తలుపు తీసిన చప్పుడు లేదు. తాళంచెవి తన జేబులోనే ఉంది.

పక్క సీటు వైపు కుంగింది. పంపు గుర్రుమంది. తర్వాత వెనక ఒక వైపు. ఆఖరున రెండో వైపు, ఈసారి కొంచెమే, పసిపిల్ల బరువంత.

పంపు ఆగిపోయింది.

అప్పుడు పైనుంచి, ఎంతో మర్యాదగా లెక్చరరు గొంతు వినిపించింది.

"బాబాయ్, అన్నీ బిగించావుగా?"