సొంత సామాను

“ఇది వద్దన్నా. మంచిది తియ్యి,” అంటూ తాయమ్మ కటింగ్ ప్లయరును కౌంటరు మీద పెట్టేసింది.

“దానికేమొచ్చింది? ఏదో ఒగటి తీసుకోని పదమ్మే. ఆడ అందురూ మనకోసరం కాసుకోని ఉండారు,” అన్నాడు ఆమె మొగుడు చెంగల్రాయుడు. ఆయన కొట్లోకి కూడా రాలేదు. మెట్టు మీదే నిలబడి, బంగారుపాళ్యం బస్సు తప్పిపోతుందేమోనని మాటిమాటికీ వీధి చివరికి చూస్తున్నాడు.

“దీని నోరు కలవడంలే. వెలుతురుకు పెట్టి సూడు, సందు కనబడతా ఉండాది. సన్న తీగ తెగదు.”

కొట్టు యజమాని సుందరరాజు ప్లయరును ట్యూబులైటు వైపు ఎత్తి చూశాడు. నిజమే, సందు ఉంది. చిత్తూరు బజారువీధిలో రేడియో సామాన్ల కొట్టు పెట్టినప్పటి నుంచి ఆయన దగ్గరికి ఎందరో మెకానిక్కులు వచ్చారు గానీ, కొంగు నడుములో దోపుకుని ప్లయరు నోరు చూసే ఆడమనిషి రావడం ఇదే మొదలు.

“ఎవురికమ్మా ఇవి?”

“నా తమ్మునికి. ధనంజయ అని, రేడియో మెకానిక్కు. దినామూ నేనే షాపుకు క్యారియరు తీసకపోతా ఉంటి.”

“మరి ఇన్నాళ్ళూ దేంతో పని చేసినాడు?”

“అంతా షాపు సామానే. పొద్దున్నే ఓనరు ఇంటికొచ్చి సామాన్ల పెట్టె ఎత్తుకోని పోయినాడు. స్క్రూడ్రైవరు కూడా వదిలిపెట్టలే.” ఎవరిదో పరాయివాళ్ళ సంగతి చెబుతున్నట్టు చెప్పింది తాయమ్మ. “చిన్నప్పటి నుంచి ఆ పనే చేసినాడు. వాడి సొంతమని చెప్పుకునేదానికి ఒక్క పనిముట్టూ లేదు. వాణ్ణి వట్టి చేతుల్తో పోనీను.”

ఆ ఓనరును తిట్టాల్సిన నాలుగు మాటలూ సుందరరాజు అక్కడే తిట్టేశాడు. తర్వాత అద్దాల బీరువా తెరిచి బొంబాయి సరుకు బయటికి తీశాడు. తాయమ్మ కొత్త ప్లయరును ఎడమ చేతిలోకి తీసుకుని తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది.

“నీది ఎడం చెయ్యి వాటమా?”

“నాది కాదు, వాడిది.”

“ఆయప్పనే తోలుకోని వచ్చుంటే సరిపోయేది కదమ్మా! పట్టు అనేది ఎవురి చేతికి వాళ్ళు సూసుకోవాల.”

“రాలేడన్నా.”

సుందరరాజుకు ఒక జబ్బుంది. ఎదుటి మనిషి చెప్పకుండా వదిలేసిన మాటను తనే పూరించకపోతే ఆయనకు అన్నం సహించదు. ఉద్యోగం పోయింది, ఇంటి దగ్గర జనం కాచుకుని ఉన్నారు, మనిషికి బజారుకొచ్చే తీరిక లేదు. ఆ చుట్టుపక్కల ఏ ఊళ్ళో చూసినా ఒకరో ఇద్దరో విమానం ఎక్కుతున్న రోజులు. ఆయనకు విషయం ఇట్టే అర్థమైపోయింది.

“కువైటుకా?” అన్నాడు కళ్ళు పెద్దవి చేసి.

చెంగల్రాయుడు వెనక్కి తిరిగి ఏదో అనబోయాడు.

“నోస్ ప్లయరు సూపించన్నా,” అంది తాయమ్మ.

“సూపిస్తా, సూపిస్తా. ఎప్పుడు ప్రయాణం?”

“పొద్దు గుంకేలోపల అయిపోవాల,” అన్నాడు చెంగల్రాయుడు, నేల చూస్తూ.

నోస్ ప్లయరు కుదిరింది. ట్వీజరు, టెస్టరు, మూడు సైజుల స్క్రూడ్రైవర్లు కుదిరాయి. సోల్డరింగ్ ఐరన్ దగ్గర మళ్ళీ పేచీ వచ్చింది. సుందరరాజు ఇచ్చినదాన్ని ఆమె వెనక్కి నెట్టింది. “లావుది వద్దు. బోర్డు మీద రాగిరేకు లేసిపోతాది. సన్నది కావాల.” సన్నది ఇస్తే, కరెంటు పెట్టి చూపించమంది.

“అది కాలితే ఏమి, కాలకపోతే ఏమి!” చెంగల్రాయుడి గొంతు ఒక్కసారిగా లేచింది. “నీకేమన్నా మతి పోయిందా?”

“కాలాల,” అంది తాయమ్మ. కోపంగా అనలేదు, బతిమాలినట్టూ అనలేదు.

“పోనీలేప్పా, నిమిషం పని,” అని సుందరరాజు ప్లగ్గు పెట్టాడు. “ఆడ కంపెనీవోళ్ళే అన్నీ ఇస్తారు, అది నిజమే. అయినా సొంతది సొంతదే కదా.”

ముగ్గురూ ఆ ఐరన్ మొన వైపే చూస్తూ ఉండిపోయారు. కాసేపటికి సోల్డరు తీగ ఆనిస్తే సీసం కరిగి బొట్టుగా నిలిచింది. పొగ లేచింది. చెంగల్రాయుడు తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. తాయమ్మ ముందుకు వంగి ఆ పొగను నిండుగా పీల్చింది. తమ్ముడి చొక్కాలు ఉతికేటప్పుడు వచ్చే వాసన అదే. అది తగిలినా ఆమెకు ఏమీ అనిపించలేదు. పొద్దున్నుంచీ అంతే. లోపల ఎవరో మెయిను స్విచ్చు దించేసినట్టుంది.

“సరిపోయిందన్నా. కట్టెయ్యి.”

సుందరరాజుకు జాలేసింది. తన చెల్లెలు గుర్తొచ్చింది. “బాధ పెట్టుకోవద్దమ్మా. రెండేండ్లు ఎంతసేపు? కండ్లు మూసి తెరిసేలోగా వచ్చేస్తాడు. వచ్చేటప్పుడు నీకు టేపురికార్డరు తెస్తాడు, సూస్తా ఉండు.”

“ఊ,” అంది తాయమ్మ. చెంగల్రాయుడు మెట్టు దిగి రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు.

సుందరరాజు ఒక్కో పనిముట్టునూ గుడ్డతో తుడిచి కాగితంలో చుట్టాడు. పైన ఒక సోల్డరు చుట్ట పెట్టాడు. “ఇది నా తరపున. చిత్తూరన్న ఇచ్చినాడని సెప్పు.” పురికొసతో గట్టిగా ముడేసి పొట్లాన్ని ఆమె ముందుకు జరిపాడు. “ఇంకేమన్నా కావాలామ్మా?”

తాయమ్మ పొట్లం మీద చెయ్యి వేసి ఒక క్షణం ఆలోచించింది.

“ఇవి గుంతలో వాడి పక్కన పెట్టి మన్ను కప్పేస్తామన్నా, తుప్పు పట్టకుండా పైన పూసేదేమన్నా ఉండాదా?”