తీసెయ్యమన్న చుక్క

“ఆ చుక్క తీసెయ్యండి బాబూ.”

గోడకి అతికించిన మ్యాప్ ముందు నిలబడి అడిగిందామె. అరవై దాటిన మనిషి. చంకలో గుడ్డసంచి.

మ్యాప్ ఆఫీసరు నిట్టూర్చాడు. పొద్దుటి నుంచి ఇదే వరస.

హెచ్ఐవి పరీక్షలు చేసే చోటు, కండోమ్‌లు ఉచితంగా ఇచ్చే చోటు, సలహా చెప్పే చోటు ఊళ్ళో ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికించి, ఒక్కోదానికి ఒక్కో పచ్చచుక్క పెట్టించాడు. చుక్కల్లేని పేట చూసి అక్కడ కొత్త సెంటరు పెడతారు. ఈ ఏడాదికి ఒక్కటే. సాయంత్రానికల్లా మ్యాప్ ఖాయమైపోవాలి.

అభ్యంతరాలుంటే చెప్పమని హాలు తలుపులు తెరిచాడు. అదే పొరపాటైంది. వచ్చినవాళ్ళందరిదీ ఒకటే పాట: మా వీధిలో వద్దు.

“ఏ చుక్కమ్మా?”

“మార్కెట్ వెనక వీధిది.”

అసిస్టెంటమ్మాయి ల్యాప్‌టాప్‌లో చూసింది. “ఉంది సార్. ఒక ఇంటి ముందుగదిలో నడుస్తోంది. నేనే ఫోన్ చేసి కనుక్కున్నాను. తలుపు తెరిచే ఉంటుంది, ఎవర్నైనా రమ్మను అన్నారు.”

“ఆ ఇంటికీ మీకూ ఏమిటి సంబంధం?” ఆఫీసరు అడిగాడు.

“ఇల్లు నాదే బాబూ.”

“అదీ సంగతి!” కుర్చీలో వెనక్కి వాలాడు. “ఓనరుగారన్నమాట.”

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

“మా వీధిలో ఏమీ లేదని రాసుకోండి,” అందామె.

“బాగుంది. ఫోన్ ఎత్తి ఉందన్నారు, వింటున్నారుగా!”

“ఆ ఫోన్ ఎత్తింది...”

“ఎవరెత్తితే ఏమిటమ్మా! చూడండి, ఆ గదికి వచ్చేవాళ్ళు దొంగలు కారు. భయంతో వస్తారు. నలుగురి కళ్ళూ తప్పించుకుని వస్తారు. వాళ్ళ మొహాన తలుపేస్తే ఎక్కడికి పోతారు? రేపు మీ ఇంట్లో పిల్లాడికే ఈ జబ్బొస్తే ఇలాగే మాట్లాడతారా?”

“అది కాదు బాబూ, ఇంకొన్నాళ్ళు పోతే ఆ గది...”

“ఖాళీ చేయిస్తారా? బెదిరింపా?” ఆఫీసరు లేచి నిలబడ్డాడు. “చేయించి చూడండి. గుమ్మం ముందు పోలీసుని నిలబెట్టి మరీ నడిపిస్తాను.”

చప్పట్లు మోగాయి.

“బాగా గడ్డి పెట్టారు సార్,” అన్నారెవరో వెనక వరసలోంచి.

చప్పట్లు ఆగేదాకా ఆమె అలాగే నిలబడింది. ఏదో అనబోయింది. గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

“ఎక్కువ అద్దెకి ఎవడో దొరికి ఉంటాడు సార్,” అంది అసిస్టెంటమ్మాయి.

“దొరకనీ. చుక్క మాత్రం కదలదు.”

కదల్లేదు. కొత్త సెంటరు ఊరవతల కాలనీకి మంజూరైంది.

మ్యాప్‌కి మంచి పేరొచ్చింది. కొన్నాళ్ళకి పై ఆఫీసు సెంటర్ల ఫోటోలు పంపమంది. మార్కెట్ వెనక వీధికి ఆఫీసరు తనే బయల్దేరాడు. ఓనరుగారు అన్నంత పనీ చేసిందేమో చూడాలని లోపల ఒక కుతూహలం.

తాళాలు బాగుచేసే కొట్టుకీ ఇస్త్రీ బండికీ మధ్య ఇల్లు. ముందుగది తలుపు బార్లా తెరిచి ఉంది.

బోర్డు లేదు. నర్సు లేదు. ఒక బల్ల, మంచినీళ్ళ కూజా, అట్టపెట్టెలో కండోమ్ ప్యాకెట్లు.

ఖాళీ చేయించేసిందన్నమాట! కడిగెయ్యాలని నోరు తెరిచేంతలో, బూట్ల చప్పుడు విని లోపలి గుమ్మంలోంచి ఆమె వచ్చింది. గోడ తడుముకుంటూ వచ్చింది. చూపు అతని మొహం మీద కాకుండా భుజం పక్కన ఎక్కడో ఆగింది.

“కూర్చో నాయనా. పేరు చెప్పక్కర్లేదు.”

అతను గుమ్మంలోనే ఆగిపోయాడు.

“మొదటిసారా? మొదటిసారి అందరూ ఇలాగే బెల్లం కొట్టిన రాయిలా నిలబడిపోతారు. ముందు కాసిని మంచినీళ్ళు తాగు.”

చెయ్యి చాపి, గాల్లో వెతికి, అతని చెయ్యి అందుకుంది.

“అబ్బ, ఐసుముక్కలా ఉందే! భయపడకు. పరీక్ష పెద్దాసుపత్రిలో చేస్తారు. ఇదివరకైతే నేనే తోడొచ్చి, నీ పేరు పిలిచేదాకా పక్కన కూర్చునేదాన్ని. ఇప్పుడు చూపు పూర్తిగా పోయింది. బస్సెక్కలేను. ఒక్కడివీ వెళ్ళగలవా?”

అతను ఊఁ అన్నాడు.

“ఊఁ అని, బస్టాపు దాకా వెళ్ళి ఇంటికి పోయేవాళ్ళే ఎక్కువ ఈమధ్య. నువ్వలా చెయ్యకు. నిన్నెవరూ చిన్నచూపు చూడరులే. మ్యాప్ ఆఫీసులో ఒక సారున్నాడు. నీలాంటివాళ్ళ మొహాన తలుపెయ్యడానికి వీల్లేదని నిండు సభలో నన్ను చెడామడా తిట్టాడు. మీకోసం అలా తిట్టేవాడొకడు ఉండాలి. నాకే చెప్పుకోవడం చాతకాలేదు.”

అతని చెయ్యి ఇంకా ఆమె చేతిలోనే ఉంది. లాక్కోవడానికి సిగ్గేసింది. ఉంచడానికి అంతకన్నా సిగ్గేసింది.

నేనేనమ్మా ఆ సారుని, అనాలి. రెండు మాటలు.

చివరికి, ఆమె గుర్తుపట్టకుండా గొంతు తగ్గించి గుసగుసగా అడిగాడు. “సెంటరువాళ్ళు... ఎవరూ లేరా?”

“స్కీము ఆపేశారని వాళ్ళెప్పుడో సర్దుకుని వెళ్ళిపోయారు నాయనా. వచ్చేవాళ్ళు మాత్రం ఆగలేదు. తలుపేసుకోడానికి నాకు మనసొప్పలేదు,” అందామె, “అప్పట్నుంచీ సెంటరంటే నేనొక్కదాన్నే.”